కాటా మీది ల్యాప్‌టాప్‌లు

“మిషన్ల సంగతి నాకిడిసిపెట్టు అరుణమ్మా. ఇరవై ఏండ్ల సంది ఇనుముతోనే బతుకుతున్న,” అన్నాడు వెంకటేశం కాళ్ళు బారజాపుకుని. గడప పక్కన కూర్చుని కందిపప్పు చెరుగుతున్న ఆయన భార్య నర్సింహమ్మ చేతిలో చేట ఒక్క క్షణం ఆగింది. అంతే, మళ్ళీ ఆడింది. ఆ శనివారం సాయంత్రం అరుణమ్మ పటాన్‌చెరులో వాళ్ళింటికి వచ్చింది ల్యాప్‌టాప్‌ల గురించి అడగడానికే. అడిగింది మాత్రం వెంకటేశాన్ని. ట్రాక్టరు విడిభాగాలు చేసే కంపెనీలో ఫిట్టరు ఆయన. బోల్టు చూసి దాని వయసు చెప్పగలడు, కాదనడానికి లేదు. కానీ కంప్యూటరుకూ ఆయనకూ ఉన్న చుట్టరికమల్లా బ్యాంకులో కౌంటరు ఇవతల నిలబడి దాని వీపు చూడటమే. అడగాల్సిన మనిషి బారెడు దూరంలో పప్పు చెరుగుతోందన్న సంగతి ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికే తెలుసు.

అరుణమ్మ ఆ బస్తీ మహిళా సంఘానికి అధ్యక్షురాలు. తనూ ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగు పనే చేస్తుంది. అది రెండు వేల తొమ్మిది. డబ్బాల మీద అంటించే లేబుళ్ళన్నీ కంప్యూటర్లోంచి రావడం మొదలైన రోజులు. ఆ నాలుగు మీటలు నొక్కడం వచ్చిన ఆడవాళ్ళకు ఫ్యాను కింద కుర్చీ, రానివాళ్ళకు డ్రమ్ములు కడిగే పని. అందుకని సంఘం ఆడవాళ్ళంతా కూడబలుక్కుని, పాత ల్యాప్‌టాప్‌లు ఐదు కొని, ఆదివారం ఆదివారం సంఘం గదిలో నేర్చుకోవాలని తీర్మానించుకున్నారు. ఇస్నాపూర్ దాటాక సంగప్ప అని ఒకాయనకు పాత సామాన్ల గోదాము ఉంది. కంపెనీలు వదిలించుకున్న ల్యాప్‌టాప్‌లు ఆయన దగ్గర కుప్పగా పడి ఉన్నాయట. కంపెనీల వాళ్ళు తమ లెక్కలు బయటికి పోకుండా హార్డ్‌డిస్కులు పీకేసి అమ్మారు కాబట్టి వాటిల్లో విండోస్ లేదు, ఏమీ లేదు. సంగప్ప వాటిని కాటా మీద పెట్టి కిలో లెక్కన అమ్ముతున్నాడు. “నేర్పేటోళ్ళు గూడ కావాలె అన్నా. సంగారెడ్డి నుంచి సారును పిలిస్తే ఆదివారం రాడంటుండు,” అంది అరుణమ్మ. “దానికేంది, నేనే వచ్చి జెర సూస్త,” అన్నాడు వెంకటేశం.

నర్సింహమ్మ చేట పక్కన పెట్టేసింది. ఆ నేర్పేవాళ్ళ కుర్చీ ఆమెకు కావాలి. ఇన్నేళ్ళలో ఆమె ఏదీ ఇంత గట్టిగా కోరుకోలేదు. జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో ఆమె స్టోర్సు అసిస్టెంటు. అసిస్టెంటు అన్నది గేటు కార్డు మీది మాట, నిజానికి స్టోర్సంటే ఆవిడే. మూడేళ్ళ కిందట అక్కడి కంప్యూటరుకు వారానికోసారి వైరసు పట్టి, తల ప్రాణం తోకకొచ్చేది. విసిగిపోయిన కంపెనీ హైదరాబాదు నుంచి ఒక మనిషిని పిలిపిస్తే, అతను విండోస్ తీసేసి లినక్స్ అనేది ఎక్కించాడు. దానికి ఈ వైరసుల గొడవ ఉండదు, కొనాల్సిన పనీ లేదు, ఎన్ని మిషన్లకు ఎక్కించుకున్నా అడిగేవాడు లేడని చెప్పాడు. చివరికి హార్డ్‌డిస్కు లేకపోయినా సరే, సీడీ పెడితే చాలు, ఆ సీడీ మీంచే నడుస్తుందనీ చూపించాడు. స్టోర్సు ఆఫీసరు వినలేదు. “ఈ వయసుల నాకెందుకమ్మా ఇవి, మీరే సూస్కోండ్రి,” అని పేపరు విప్పుకున్నాడు. ఆమే చూసుకుంది. మూలన పడ్డ ప్రింటర్లు రెంటిని లేపింది, తెలుగు అక్షరాలు తెప్పించింది, ఏ చిప్పు ఉన్న మిషను దీనికి అచ్చొస్తుందో, ఏది మొండికేస్తుందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. తనిఖీవాళ్ళు వచ్చిన రోజున ఆ కంప్యూటరు ముందు ఆఫీసరు కూర్చుంటాడు. “జెర చాయ్ చెప్పండ్రమ్మా,” అంటాడు. చాయ్ చెప్పడానికి పోతూ ఆమె వెనక్కి చూసేది, ఈయన ఏ మీట నొక్కి ఏం చెడగొడతాడోనని.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మెల్లగా అంది, ఆ మిషన్లు తనకు తెలుసని, తనే ఎంచుతానని, నేర్పడం కూడా తనే నేర్పుతానని. వెంకటేశం తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నవ్వాడు. “బటన్ నొక్కుడు వేరు, మిషన్ ఎంచుడు వేరే నర్సింహమ్మా,” అన్నాడు, పిల్లకు చెప్పినట్టు. అత్త ఆగమ్మ కంచంలోంచి తలెత్తకుండానే, ఆదివారం పూట ఇల్లు ఎవరు చూస్తారంది. నర్సింహమ్మ పప్పు గిన్నె అందుకుంది. పెళ్ళై హత్నూర నుంచి ఈ ఇంటికొచ్చిన పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు ఇలా మాట నోట్లోనే మిగిలిపోయిందో! బోనసుతో కుట్టుమిషను కొనుక్కుంటానన్నప్పుడు పొలానికి మోటారు వచ్చింది. ఇంటరు ప్రైవేటుగా కడతానన్నప్పుడు ఆడబిడ్డ కాన్పుకు వచ్చింది. ఎవరూ వద్దనలేదు, అదే విచిత్రం. వద్దంటే ఎదురు తిరగొచ్చు. నవ్వి ఊరుకుంటే ఏం చేస్తారు?

క్యాలెండరులో ఆదివారం ఎర్రగా ఉంటుంది. సెలవట. ఎవరికి అన్నది మాత్రం ఆ క్యాలెండరు వేసినవాడు రాయలేదు. ఆ ఆదివారం నర్సింహమ్మ చీకటితోనే లేచి, నీళ్ళు పట్టి, బట్టలు నానేసి, పప్పు, అన్నం వండి మూతపెట్టి, అత్తకు షుగరు గోలీ తీసి పెట్టి, తొమ్మిదింటికల్లా చెప్పులేసుకుంది. “నువ్వెందుకే?” అన్నాడు వెంకటేశం. “సంచులు మొయ్యనీకి,” అంది. సంచులు మోయడానికైతే ఎవరికీ అభ్యంతరం ఉండదని ఆమెకు తెలుసు. ఆ సంచి అడుగున చేతిరుమాల్లో చుట్టిన లినక్స్ సీడీలు మూడు, నోటుబుక్కు, లినక్సే ఎక్కించిన ఒక పెన్‌డ్రైవు ఉన్నాయి.

అరుణమ్మతో, సంఘం ఆడవాళ్ళు మరో ఇద్దరితో కలిసి గోదాములో అడుగు పెట్టేసరికి కరెంటు లేదు. రెండింటికి వస్తుందన్నాడు సంగప్ప, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని. వెలుగు పడే మేరకు టార్పాలిన్ మీద ల్యాప్‌టాప్‌లు అరవై డెబ్బై దాకా, అన్నీ బ్యాటరీలు చచ్చినవే, కుప్పపోసి ఉన్నాయి. వెంకటేశానికి కరెంటుతో పనేముంది? ఒక్కొక్కదాన్నీ చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు, మూత తెరిచి మూసి బిగువు చూశాడు, వేలి కణుపుతో కొట్టి చప్పుడు విన్నాడు. గట్టి ఇనుమైతే గట్టిగా పలుకుతుందట. చివరికి ఐదింటిని ఎంచి పక్కన పెట్టాడు. ఐదూ ఐదు రకాలు, ఐదూ నున్నగా మెరుస్తున్నాయి, ఐదూ కుప్ప మొత్తంలోకీ బరువైనవి. కిలో లెక్కన కొనడానికి వచ్చిన మనిషి ఏరి ఏరి బరువైనవే పట్టుకోవడం సంగప్ప తన జన్మలో చూసి ఉండడు. “నీ చెయ్యి మంచిది పటేలా,” అని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు.

నర్సింహమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసి ముందుకొచ్చి, వీటిలో వైర్‌లెస్సు చిప్పు ఏ రకందని సంగప్పను అడిగింది. సంగప్ప వెంకటేశం వైపు తిరిగి, అన్నీ కంపెనీ మాలే పటేలా, అనుమానం అక్కర్లేదన్నాడు. చార్జర్లు వీటివేనా, ఓల్టులు కలుస్తాయా అని అడిగింది. సంగప్ప మళ్ళీ వెంకటేశానికే జవాబు చెప్పాడు, ఒకటి కాకపోతే ఒకటి పడుతుందని. అడిగేది ఈమె, జవాబు ఆయనకు. ఈ తమాషా ఆమెకు కొత్త కాదు, కూరగాయల బండి దగ్గర తప్ప అన్ని చోట్లా జరిగేదే. కానీ ఈసారి ఆమెకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. సంగప్ప కాటాను దగ్గరకు లాక్కున్నాడు. అరుణమ్మ పర్సు తీసింది. ఆ పర్సులో ఉన్నది పాతికమంది ఆడవాళ్ళ ఓవర్‌టైము. కంపెనీ స్టోర్సులో మూడేళ్ళుగా రోజూ పాటించే పద్ధతి ఒకటి ఉంది. వచ్చిన డ్రమ్ము మీద ఎంత మంచి పేరున్నా సరే, పరీక్ష అయ్యేదాకా దాన్ని లోపలికి తీసుకోరు. నర్సింహమ్మకు తెలియకుండానే ఆమె చెయ్యి వెళ్ళి కాటా మీద పడింది.

“కరెంటొచ్చేదాక ఒక్కటి గూడ ఎత్తొద్దు.”

మాట బయటికి వచ్చాక ఆమే ఉలిక్కిపడింది. ఎవరిదో గొంతులా ఉంది. వెంకటేశం తెల్లమొహం వేశాడు. అప్పుడే పదకొండు కూడా కాలేదు, అంతసేపు ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు, అమ్మకు అన్నం ఎవరు పెడతారు అన్నాడు. వండి మూత పెట్టానంది. సంగప్ప భోజనానికి పోవాలన్నాడు. పోయి రమ్మంది, కాపలా తనుంటానంది. ఇక వెంకటేశానికి రోషం వచ్చింది. నలుగురిలో ఆడదాని మాట మీద ఆగిపోతే ఫిట్టరు పరువేం కాను? “అరుణమ్మా, నన్ను నమ్మి వచ్చినవా, ఆమెను నమ్మి వచ్చినవా?” అని అడిగాడు. నిజానికి అరుణమ్మ వచ్చింది ఆయన్ని నమ్మే. ఆమె ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత నర్సింహమ్మ చేతిలోని నోటుబుక్కు చూసింది. దాన్ని తీసుకుని, చదవడం పెద్దగా రాకపోయినా, తేదీల వారీగా వరుస పెట్టి రాసిన పేజీలు నాలుగైదు తిప్పింది. “ఆగుదాం అన్నా. మూడు గంటలల్ల మునిగిపోయేదేముంది?” అని పర్సు మూసేసింది.

ఆ మూడు గంటలు! నర్సింహమ్మ ఒక ఖాళీ డ్రమ్ము బోర్లించి దాని మీద కూర్చుంది. తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, పెళ్ళయ్యాక పట్టపగలు ఏ పనీ చేతిలో లేకుండా ఆమె కూర్చోవడం అదే మొదలు. చేతులు ఏం చేయాలో తెలియక కొంగు మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెట్టాయి. లోపల భయం లేకపోలేదు. సీడీ తిరక్కపోతే? అరిగిపోయిన డ్రైవులైతే? ఇంతమందిలో నోరు తెరిచినందుకు జీవితాంతం వినాలి, పండగకూ పబ్బానికీ చుట్టాలందరికీ చెప్తాడు, మా నర్సింహమ్మ కరెంటు కత అని. అయినా సరే అనుకుంది. తప్పైతే తన తప్పే అవుతుంది, అది కూడా ఒక సొంత ఆస్తే కదా. సంఘం ఆడవాళ్ళు ఇద్దరు జామకాయలు కొనుక్కొచ్చారు. ఉప్పూకారం అద్దుకుని తింటూ, అందరూ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ల నడకలు నడిచి చూపించుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు. వెంకటేశం బయట పాన్‌డబ్బా దగ్గర నిలబడి, ఈ నవ్వులు తన మీదేనేమోనని ఊరికే లోపలికి తొంగి చూశాడు.

రెండుంబావుకు ఫ్యాను తిరిగింది. వెంకటేశం ఎంచినవాటితోనే మొదలుపెట్టింది నర్సింహమ్మ, న్యాయం న్యాయమే కదా. మొదటిదాని దీపం వెలిగిందిగానీ తెర నల్లగానే ఉంది. రెండోది పచ్చచారలు చూపించింది. మూడోది అన్నిటికంటే బరువైనది, ఆయన ముద్దుబిడ్డ. అది వెలిగీ వెలగగానే రహస్యపదం అడిగింది. ఏ కంపెనీలో ఏ సాబు పెట్టిన తాళమో అది, ఆ సాబు ఇప్పుడెక్కడున్నాడో దేవుడికి తెలుసు. ఆ పదం చెప్పకుండా సీడీని లోపలికి కూడా రానివ్వలేదు. నాలుగోదానికి సీడీ పెట్టే చోటే లేదు, పెన్‌డ్రైవు పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఐదోది మాత్రం నడిచింది. పాపం, వెంకటేశం ఊపిరి పీల్చుకున్నాడు. అరుణమ్మ పర్సును చంకలోకి ఇంకాస్త దగ్గరకు జరుపుకుంది.

“ఇగ నువ్వు సూడక్కా,” అంది. ఆమె నర్సింహమ్మను అక్కా అనడం మామూలే, సూడమనడమే కొత్త.

నర్సింహమ్మ కుప్ప దగ్గరికి వెళ్ళి మెరిసేవాటి జోలికి పోలేదు. ఒకే అచ్చులో పోసినట్టున్న నల్లటి బక్కపలచటివి, మూలలు అరిగినవి, ఒకే కంపెనీ రకానివి పది దాకా ఉన్నాయి. వాటినే ఏరింది. ఎందుకో అందరికీ వినబడేలా చెప్పింది. అన్నీ ఒకే రకమైతే ఒకదాని చార్జరు ఇంకోదానికి పడుతుంది, ఒకదాని కీబోర్డు పాడైతే ఇంకోదాన్నుంచి తీయొచ్చు, ఒకదానికి హార్డ్‌డిస్కు దొరికితే ఐదింటికీ అదే రకం దొరుకుతుంది. ఒక మిషనులో వచ్చిన చిక్కు విప్పితే ఐదింటిలోనూ విప్పినట్టే. ఈ మాట విని వెంకటేశం తల ఊపకుండా ఉండలేకపోయాడు. వాళ్ళ షాపులోనూ బోల్టులన్నీ ఒకే సైజువి తెప్పించేది అందుకే మరి.

సీడీ గిర్రున తిరిగింది. తెర మీద చుక్కలు, ఆ తర్వాత బొమ్మ, ఆ తర్వాత నల్లటి పెట్టెలోంచి మద్దెల చప్పుడు లాంటి చిన్న పాట. హార్డ్‌డిస్కే లేని మిషను బతకడం చూసి సంగప్ప కుర్చీలోంచి లేచి వచ్చాడు. నర్సింహమ్మ ఒక్కొక్క మీటా నొక్కి అక్షరం పడుతోందో లేదో చూసింది, వైర్‌లెస్సు దానంతటది దీపం వెలిగించిందో లేదో చూసింది, పెన్‌డ్రైవును అన్ని రంధ్రాల్లోనూ పెట్టి తీసింది. గెలిచినదానికి గుర్తు ఏం పెట్టాలంటే అరుణమ్మ పర్సులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసింది. పరీక్ష నెగ్గిన ప్రతిదాని మూత మీదా ఒక మెరూన్ బిళ్ళ. పది మిషన్లలో ఆరు బొట్టు పెట్టించుకున్నాయి. ఐదు గదికి, ఆరోది విడిభాగాలకు. బక్కవి కాబట్టి కాటా మీద ఆరూ కలిపి వెంకటేశం ఐదింటి కంటే తక్కువ తూగాయి. చార్జర్లు ఓల్టులు చూసి ఏరింది, వేలితో తడిమే టచ్‌ప్యాడ్ పలకలు మొద్దుబారాయి కాబట్టి మౌసులు ఐదు అడిగింది. ఇంటర్నెట్టు డేటాకార్డు కూడా తీసుకోమని సంగప్ప మూడు చూపిస్తే, సీడీ నడుస్తుండగానే గుచ్చి చూసి, మొదటి రెండూ పక్కన పెట్టి, మూడోది తీసుకుంది. అడిగిన ప్రతిదానికీ సంగప్ప ఇప్పుడు ఆమె మొహం చూసే జవాబు చెబుతున్నాడు. “అక్కా, మిగిలినయి గూడ జెర ఏరి పెట్టరాదూ,” అని కూడా అడిగాడు. మిగిలినవాటి సంగతి మళ్ళీ ఎప్పుడైనా చూద్దామంది, కూలి వేరే మాట్లాడుకుని.

వారం తిరిగి శనివారం సాయంత్రానికి సంఘం గదిలో ఐదు ల్యాప్‌టాప్‌లూ బల్లల మీద వరసగా వెలుగుతున్నాయి. హైదరాబాదు నుంచి పాత హార్డ్‌డిస్కులు తెప్పించి, ఐదు రోజులూ డ్యూటీ దిగాక గంటసేపు కూర్చుని, నర్సింహమ్మ అన్నిటికీ లినక్స్ ఎక్కించింది. తెర మీద తెలుగులో తన పేరు పడగానే డ్రమ్ములు కడిగే ఒక ఆడమనిషి నోటి మీద చెయ్యి పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది, పక్కనే ఇంకొకామె ఆమెను చూసి నవ్వి తనూ ఏడ్చింది. గది నిండా సందడి. వెంకటేశం కూడా వచ్చాడు. వచ్చినవాళ్ళందరికీ, “మేమే ఎంచినం, కరెంటొచ్చేదాక ఆగి మరీ ఎంచినం,” అని చెబుతున్నాడు. ఆ మాటల్లో మోసం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడాయన. వారం రోజుల్లో ఆ ఆగడం తన ఆలోచనే అయిపోయింది.

అరుణమ్మ అందరినీ కూర్చోబెట్టి అడిగింది, రేపటి నుంచి పది గంటల నుంచి రెండింటి దాకా నేర్పేదెవరని. నర్సింహమ్మ నోరు తెరిచే లోపే వెంకటేశం అందుకున్నాడు. ఆమెకు ఆదివారం తీరదన్నాడు, ఇంట్లో బోలెడు పనులుంటాయన్నాడు, ముసలమ్మ ఉందన్నాడు, తనే వీలు చూసుకుని వచ్చి కూర్చుంటానన్నాడు. చెడ్డగా ఏమీ అనలేదు, మంచిగానే అన్నాడు. ఆడవాళ్ళంతా నర్సింహమ్మ వైపు చూశారు. ఆమెకు మళ్ళీ ఆ పాత చప్పుడు వినబడింది, మాట గొంతు దాకా వచ్చి వెనక్కి జారే చప్పుడు. ఈసారి జారనివ్వలేదు. కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ, అంత సంతోషంలో అదీ రాలేదు. వచ్చి ముందున్న కుర్చీలో కూర్చుంది.

“రేపటి సంది ప్రతి ఆదివారం నేనే నేర్పుత. పదింటికెళ్ళి రెండింటి దాక. ఆ నాలుగు గంటలు ఇల్లు నువ్వే సూస్కోవాలె. ఏమేం పనులుంటయో చెప్త, రాస్కో.”

ఎవరో కిసుక్కుమన్నారు. అరుణమ్మ ఒక పొడుగు నోటుబుక్కూ పెన్నూ తెచ్చి, “తీస్కో అన్నా,” అని ఆయన చేతిలో పెట్టింది. నలుగురిలో కాదంటే బాగుండదు, పైగా నాలుగు పనులేగా, ఎంతని రాస్తాం అనుకున్నాడో ఏమో, వెంకటేశం దర్జాగా మోకాలి మీద పుస్తకం పెట్టుకున్నాడు. నర్సింహమ్మ తొందర లేకుండా చెప్పసాగింది. పదింటికి అత్తమ్మ గోలీ, అది వేసుకునే ముందు ఇడ్లీ, ఇడ్లీ అయ్యాక ఆ గిన్నెలు. నల్లా పది దాటినంక మళ్ళీ వచ్చేది పది నిమిషాలే, బిందెలు ముందే కడిగి పెట్టుకోవాలి. నీళ్ళు పడుతూనే పొయ్యి మీద పప్పు చూసుకోవాలి, కుక్కరు మూడు కూతల తర్వాత దించాలి, కూతలు మరిచిపోతే అడుగంటుతుంది. నానేసిన బట్టల్లో తెల్లవి వేరు చేయాలి. ఈలోపు పాలామె వస్తుంది, చిట్టీ ఇవ్వాలి. అత్తమ్మ పిలుస్తుంది, పోయి కాళ్ళకు నూనె రాయాలి, రాసి చేతులు కడుక్కుని కూరగాయలు తరగాలి. మొదట్లో నవ్వుతూ రాసిన వెంకటేశం పేజీ సగమయ్యేసరికి నవ్వడం మానేశాడు. పేజీ నిండాక చెయ్యి విదిలించుకుని, నుదుటి చెమట తుడుచుకుని, తల ఎత్తాడు.

“నాలుగు గంటలల్ల ఇన్ని పనులా?” అని అడిగాడు. హేళన కాదు, నిజంగానే అడిగాడు.

“కాదు,” అంది నర్సింహమ్మ. “ఇంకా పదిన్నర దాకనే అయింది. పేజీ తిప్పు.”